స్మాష్‌కు ముందు రెండు దెబ్బలు

మా మనవడు కెనడాలో, టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో పెరుగుతున్నాడు. ఐస్ హాకీ ఆడతాడు. లెఫ్ట్ వింగ్, అంటే ముందు వరసలో ఎడమ పక్క ఫార్వర్డ్. పోయిన శీతాకాలం అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు వాడి ప్రాక్టీసుకు నేనూ వెళ్ళి, శాలువా మీద శాలువా కప్పుకుని రింకు పక్కన బెంచీ మీద కూర్చునేవాణ్ణి. కొత్తపేట దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైనవాణ్ణి నేను. కబడ్డీ, వాలీబాల్, బాల్ బ్యాడ్మింటన్, షటిల్ నేర్పాను. మంచు మీద ఆట కొత్తే గానీ, కాసేపు చూస్తే ఎవడు ఎక్కడ నిలబడాలో ఏ డ్రిల్లు మాస్టారికైనా తెలిసిపోతుంది.

ఒకరోజు కార్లో తిరిగొస్తూ వాడు అన్నాడు: "తాతయ్యా, మీ ఊరాయన షటిల్ గంటకి 565 కిలోమీటర్ల స్పీడుతో కొట్టాడట కదా. మా ఆటలో రికార్డు 175 అంతే."

ఆయనది అమలాపురం, మనది కొత్తపేట అని సవరించబోయి ఊరుకున్నాను. పరాయి దేశంలో కోనసీమంతా ఒకటే ఊరు.

"ఆ 175 కొట్టినాయన గోల్స్ ఎన్ని కొట్టాడ్రా?" అని అడిగాను.

"ఆయన ఫార్వర్డ్ కాదు తాతయ్యా. డిఫెన్సు."

నిజమే. ఆయన పేరు జ్డెనో చారా. 2012లో ఎన్‌హెచ్‌ఎల్ ఆల్‌స్టార్ పోటీల్లో రబ్బరు పక్‌ని గంటకు 175 కిలోమీటర్ల వేగంతో కొట్టాడు. ఎన్‌హెచ్‌ఎల్ అంటే అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగు. గోల్స్ కొట్టి బతికేది ఫార్వర్డ్‌లు, గట్టి దెబ్బ రికార్డేమో వెనక కాపలా కాసేవాడిది. ఆ లీగులో ఎక్కువ గోల్స్ రికార్డు చాలాకాలం వేన్ గ్రెట్జ్‌కీ పేరు మీద ఉంది, 894. సన్నటి మనిషి. బలంలోనూ వేగంలోనూ ఆయన్ని మించినవాళ్ళు చాలామందే ఉండేవారు. 2025 ఏప్రిల్ 6న అలెగ్జాండర్ ఒవెచ్కిన్ ఆ రికార్డు దాటాడు. ఒవెచ్కిన్‌ది గట్టి షాటే, కాదనను. కానీ అలాంటివాళ్ళు తరానికి ఒకరో ఇద్దరో. మిగతా ఫార్వర్డ్‌లు దేంతో బతుకుతారన్నది నాకు పట్టుకున్న ప్రశ్న. మా అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి దేంతో నెగ్గుకొచ్చాడన్నదీ అదే ప్రశ్న.

ముందు ఆ 565 సంగతి. 2023 ఏప్రిల్ 14న, జపాన్‌లో సైతామా ప్రాంతంలోని సోకా పట్టణంలో, యోనెక్స్ కంపెనీ ఫ్యాక్టరీకి చెందిన జిమ్నాజియంలో కొట్టిన దెబ్బ అది. గిన్నిస్ వాళ్ళు లెక్కగట్టారు. అంతకుముందు మలేషియా ఆటగాడు టాన్ బూన్ హియాంగ్ పేరు మీద 493 ఉండేది, పదేళ్ళ పాటు. రాకెట్‌ని వదిలిన క్షణంలో కొలిచిన వేగం ఇది. షటిల్ బరువు అయిదు గ్రాములు, చుట్టూ పదహారు ఈకలు. గాలి దాన్ని వెంటనే పట్టి ఆపేస్తుంది కాబట్టి అవతలివాడి దగ్గరికి వెళ్ళేసరికి ఆ వేగంలో చాలా భాగం పోతుంది. పైగా ఇది మ్యాచ్‌లో కొట్టింది కాదు, కొలవడానికని ఏర్పాటు చేసి కొట్టించింది. మా వాళ్ళకి ఇదంతా చెబితే నచ్చదు. గడియార స్తంభం దగ్గర టీ తాగుతూ 565 అనేవాళ్ళే గానీ, 1.15 అనేవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు.

సాత్విక్ ఉద్యోగమంతా ఆ 1.15 మీద నడుస్తోంది.

డబుల్స్‌లో సర్వీసు చేసేవాడు షటిల్‌ని నేల నుంచి 1.15 మీటర్ల ఎత్తులోపే కొట్టాలి. 2018 నుంచి ఉన్న నిబంధన ఇది. అంతకుముందు నడుం కింద కొట్టాలనేవారు, అంపైరు కంటికి ఎవరి నడుం ఎక్కడుందో తేలేది కాదు. నెట్ ఎత్తు మధ్యలో 1.524 మీటర్లు. అంటే సర్వీసు తప్పనిసరిగా పైకి లేచి నెట్ దాటాలి. అవతలివాడు నెట్‌కి రెండు మీటర్ల దూరంలో రాకెట్ ఎత్తి, మీదికి దూకడానికి సిద్ధంగా ఉంటాడు. షటిల్ నెట్ మీద నాలుగు వేళ్ళు ఎత్తు లేచిందా, నెట్ దగ్గరే కొట్టి పారేస్తాడు. మా బడి పిల్లలకి సర్వీసు అంటే ఆట మొదలుపెట్టే లాంఛనం. పెద్ద డబుల్స్‌లో సర్వీసు చేసేవాడిది లోకువ స్థానం. సర్వీసు చక్కగా నెట్‌కి ఆనుకుని పోతే, దాన్ని తీసుకున్నవాడు గత్యంతరం లేక పైకి లేపితే, అప్పుడు వెనక నిలబడినవాడికి స్మాష్ దొరుకుతుంది. జనం చూసేది మూడో దెబ్బని. మొదటి రెండూ అలా కుదిరితేనే అది ఉంటుంది. తిరగమోత చప్పుడు వీధి చివరిదాకా వినిపిస్తుంది, పప్పు ఉడికిన సంగతి వినిపించదు.

సాత్విక్ 2000 ఆగస్టు 13న అమలాపురంలో పుట్టాడు. తండ్రి మా వృత్తిలోవారే, వ్యాయామ ఉపాధ్యాయులు, షటిల్ ఆడినవారు. తల్లి కూడా టీచరే. అన్న కూడా ఆటగాడే. డ్రిల్లు మాస్టారి ఇల్లంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మూలన రాకెట్లు, మంచం కింద వాలీబాల్ నెట్టు, పొద్దున్నే అయిదింటికి ఈల. ఆ ఇంట్లో ఆటని అల్లరి కింద జమ కట్టరు. అది పిల్లాడికి సగం బలం.

మిగతా సగం ఊళ్ళో దొరకదు. కోనసీమలో షటిల్ ఎక్కువగా ఆరుబయటే. కొబ్బరిచెట్ల మధ్య సున్నం గీతలు, చెట్టుకీ చెట్టుకీ కట్టిన వైరు మీద బల్బులు, ఈక షటిల్ ఖరీదని నైలాన్ షటిల్. పొద్దున్న డాక్టర్లు, వర్తకులు, సాయంత్రం కాలేజీ పిల్లలు. పైరగాలి మొదలైందంటే ఎటు కొట్టినా షటిల్ ఒకవైపే పోతుంది. ఆ గాలిలో మా పిల్లలు బలంగా కొట్టడం నేర్చుకుంటారు, వేరే దారి లేక. నెట్ మీద రెండు వేళ్ళ ఎత్తులో షటిల్‌ని పంపడం నేర్చుకోలేరు. అది నాలుగు గోడల మధ్య నేర్చుకోవాల్సిన విద్య. సాత్విక్ 2014లో హైదరాబాద్‌లోని పుల్లెల గోపీచంద్ అకాడమీలో చేరాడు. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. బస్సులో రాత్రంతా కూర్చుంటే పొద్దున్నకి హైదరాబాద్. ఆ వయసు పిల్లాణ్ణి హాస్టల్లో వదిలి అదే బస్సులో వెనక్కి వచ్చిన తల్లిదండ్రులు మా బడి నుంచీ ఉన్నారు, వేరే ఆటలకి.

అప్పట్లో జాతీయ జట్టుకు డబుల్స్ కోచ్‌గా మలేషియా నుంచి వచ్చిన టాన్ కిమ్ హర్ ఉండేవాడు. ఆయనే సాత్విక్‌ని ముంబై కుర్రాడు చిరాగ్ శెట్టితో కలిపాడు. ఇద్దరికీ అది అంతగా రుచించలేదు. ఎందుకంటే ఇద్దరూ పొడుగువాళ్ళు, ఇద్దరూ వెనక నుంచి బాదేవాళ్ళే. డబుల్స్‌లో దాడి చేసేటప్పుడు ఒకడు వెనక, ఒకడు నెట్ దగ్గర ఉండాలి. కాచుకునేటప్పుడు పక్కపక్కన నిలబడాలి. ఇద్దరూ వెనకే ఉంటే ముందు ఎవరు? చిరాగ్ ముందుకు రావడం నేర్చుకున్నాడు. ఇవాళ నెట్ మీద అతని చెయ్యి చూస్తే, కుర్రప్పుడు వెనకాల ఆడేవాడంటే నమ్మరు. ఆ పొత్తులో త్యాగం ఎవరిదని నన్నడిగితే చిరాగ్‌ది అంటాను. అమలాపురంలో గట్టిగా అంటే ఊరుకోరేమో.

2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో మిక్స్‌డ్ టీమ్ స్వర్ణం, పురుషుల డబుల్స్ రజతం. అదే ఏడు హైదరాబాద్ ఓపెన్ గెలిచారు. 2019 ఆగస్టులో థాయిలాండ్ ఓపెన్ ఫైనల్లో చైనా జోడీ లీ జున్‌హుయ్, లియు యుచెన్‌లను మూడు గేముల్లో ఓడించారు. అప్పటిదాకా సూపర్ 500 స్థాయి టోర్నమెంటు గెలిచిన భారత పురుషుల జోడీ లేదు.

టోక్యో ఒలింపిక్స్‌ది విచిత్రమైన కథ. గ్రూపులో మూడు మ్యాచ్‌లాడి రెండు గెలిచారు. గెలిచినవాటిలో ఒకటి తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చిలిన్‌ల మీద, ఆఖరి గేము 27-25. మూడు జోడీలకీ రెండేసి విజయాలు వచ్చాయి. గేముల లెక్క తీస్తే మనవాళ్ళు మూడో స్థానం, ఇంటికి. వీళ్ళ చేతిలో ఓడిన ఆ తైవాన్ జోడీయే చివరికి స్వర్ణం కొట్టింది. రెండు గెలిచినవాణ్ణి ఇంటికెలా పంపుతారని మా రచ్చబండ మీద రెండ్రోజులు పంచాయితీ.

తర్వాతి కాలంలో పెద్ద మార్పు తెచ్చినవాడు డెన్మార్క్ కోచ్ మథియాస్ బో. 2012 ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం నెగ్గినవాడు. వీళ్ళ దాడిని అప్పటికే అందరూ చదివేశారు. అవతలివాళ్ళు దాడి చేసినప్పుడు నిలబడి కాచుకోవడం, కాచుకుంటూనే షటిల్‌ని కిందికి పంపడం బో నేర్పాడు. అక్కణ్ణుంచి వీళ్ళ ఆట వేరే ఆట. 2022 మే 15న బ్యాంకాక్‌లో థామస్ కప్ ఫైనల్ చూసినవాళ్ళకి అర్థమవుతుంది. ఇండోనేషియా జోడీ అహ్సాన్, సుకముల్జోల మీద మొదటి గేము 18-21తో పోయింది. రెండోది 23-21, అందులో మ్యాచ్ పాయింట్లు కాచుకుని బతికారు. మూడోది 21-19. లక్ష్యసేన్ అప్పటికే ఒకటి గెలిచాడు, తర్వాత మా గుంటూరు కిదాంబి శ్రీకాంత్ మూడోది గెలిచి కప్పు తెచ్చాడు. 1949లో మొదలైన ఆ కప్పు మన దేశానికి రావడం అదే మొదటిసారి. ఆ మధ్య మ్యాచ్ పోయుంటే కథ ఎటు తిరిగేదో.

ఇక అక్కణ్ణుంచి వరస. అదే ఏడు బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్త్ స్వర్ణం, టోక్యో ప్రపంచ పోటీల్లో కాంస్యం, ఫ్రెంచ్ ఓపెన్. 2023 ఏప్రిల్‌లో దుబాయ్‌లో ఆసియా చాంపియన్‌షిప్. 1965లో దినేశ్ ఖన్నా సింగిల్స్ గెలిచాక మన దేశానికి అందులో స్వర్ణం మళ్ళీ అదే. జూన్‌లో ఇండోనేషియా ఓపెన్. ఈ చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. ఫైనల్లో ఎదురైంది మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్. అంతకుముందు ఎనిమిదిసార్లు తలపడితే ఎనిమిదీ ఓడారు. ఏ మాస్టారైనా, ఎనిమిది ఓటముల తర్వాత కుర్రాళ్ళ కళ్ళలో ఏముంటుందో చెప్పగలడు. తొమ్మిదోసారి 21-17, 21-18. అక్టోబరు 7న హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ క్రీడల్లో బ్యాడ్మింటన్‌లో భారత్‌కు మొదటిది. మూడు రోజులకి ప్రపంచ నంబర్ వన్.

పారిస్‌లో మళ్ళీ అదే మలేషియా జోడీ. 2024 ఆగస్టు 1, క్వార్టర్‌ఫైనల్. మొదటి గేము 21-13 మనది. తర్వాత 14-21, 16-21. ఒలింపిక్ పతకం ఇంకా రాలేదు. 2025 ఆగస్టులో అదే పారిస్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ క్వార్టర్స్‌లో వాళ్ళని ఓడించి రెండో కాంస్యం తెచ్చుకున్నారు. ఈ రెండు ఆగస్టుల మధ్య, ఫిబ్రవరిలో, కొడుకు ఖేల్‌రత్న అందుకోవాల్సిన వేళకే సాత్విక్ తండ్రి గుండెపోటుతో పోయారు. ఈల పట్టిన చేతుల్లో ఒకటి తగ్గింది మాకు.

ఇప్పుడు మంచు మీదికి వెళ్దాం. మా మనవడికి చూపించడానికని ఐస్ హాకీలో మనవాళ్ళెవరని వెతికితే తెలుగువాళ్ళు తగల్లేదు, పంజాబీ మూలాలున్నవాళ్ళు కనిపించారు. 1989లో రాబిన్ బావా భారత సంతతి నుంచి ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టిన మొదటివాడు, ఫార్వర్డే. నా మనసుకు పట్టినవాడు మాత్రం మానీ మల్హోత్రా. మా అమ్మాయి ఉండే మిస్సిసాగాలోనే పుట్టాడు. 1998లో న్యూయార్క్ రేంజర్స్ జట్టు, ఆ ఏటి కుర్రాళ్ళందరిలో ఏడోవాడిగా ఏరి తీసుకుంది. ఏడోవాడంటే గోల్స్ కుప్పలు పోస్తాడని ఆశ. పోయలేదు. 991 మ్యాచ్‌లాడి 116 గోల్స్. ఫార్వర్డ్‌కి అది పెద్ద లెక్క కాదు. మరి ఇంతకాలం ఎందుకు ఉంచుకున్నారు?

ఫేసాఫ్ కోసం. ఐస్ హాకీలో ఆట ఆగిన ప్రతిసారీ ఇద్దరు సెంటర్ ఫార్వర్డ్‌లు ఎదురెదురుగా వంగి నిలబడతారు, రిఫరీయో లైన్స్‌మనో మధ్యలో పక్ వదుల్తాడు, లాక్కున్నవాడి జట్టుది దాడి. 2010–11లో వాంకూవర్ జట్టుకు ఆడుతూ మల్హోత్రా పదింటికి ఆరు గెలిచేవాడు. గోల్ ఇంకెవరో కొడతారు. ఆ మార్చిలో పక్ ఎడమ కంటికి తగిలింది. చూపు చాలావరకు పోయింది. ఆపరేషన్లు చేయించుకుని, అదే జూన్‌లో స్టాన్లీ కప్ ఫైనల్‌కి మంచు మీదికి వచ్చాడు. తర్వాత కోచ్ అయ్యాడు, 2025లో ఆయన నడిపిన ఆబట్స్‌ఫర్డ్ జట్టు, ఎన్‌హెచ్‌ఎల్‌కి కింది మెట్టైన లీగులో, కాల్డర్ కప్ గెలిచింది. మా సర్వీసుకు మంచు మీద తోబుట్టువు ఫేసాఫ్.

బతుకుతెరువు దగ్గర మాత్రం ఆ ఆటకీ మన ఆటకీ పోలిక లేదు. ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఒక్కో మ్యాచ్‌కి పన్నెండుమంది ఫార్వర్డ్‌లను దింపుతుంది, ముగ్గురేసి చొప్పున నాలుగు వరసలు. ఒక వరస ముప్పావు నిమిషం ప్రాణం పెట్టి పరిగెత్తి బెంచీకి వస్తుంది, ఇంకో వరస దిగుతుంది. 2025–26 సీజన్‌లో జట్టుకు 82 లీగు మ్యాచ్‌లు. ఆ సీజన్‌లో కనీస జీతం 7,75,000 డాలర్లు. ఆటలో దెబ్బ తగిలితే కూర్చోబెట్టి జీతమిస్తారు.

షటిల్ డబుల్స్‌లో జీతమిచ్చే జట్టంటూ ఉండదు. ఏడాదంతా దేశాలు తిరుగుతూ టోర్నమెంట్లాడాలి. గడిచిన 52 వారాల్లో పది మంచి ఫలితాల మీద ర్యాంకు. ప్రైజు డబ్బు జోడీకి వచ్చేది సింగిల్స్ విజేతకి వచ్చేదానికన్నా కొంచెమే ఎక్కువ, దాన్ని ఇద్దరూ పంచుకోవాలి. పైస్థాయికి వెళ్ళినవాళ్ళకి ప్రభుత్వం టాప్స్ పథకం కింద శిక్షణ ఖర్చులు చూస్తుంది, కంపెనీలు వస్తాయి. కిందున్నవాళ్ళకి ఇంటి డబ్బే దిక్కు. అన్నిటికన్నా మించింది, ర్యాంకు జోడీది, మనిషిది కాదు. 2024 ఏప్రిల్‌లో సాత్విక్ భుజం నొప్పితో ఆసియా చాంపియన్‌షిప్‌కి వెళ్ళలేకపోయాడు. అంతకుముందు ఏటి విజేతలు వీళ్ళే. నిక్షేపంలా ఉన్న చిరాగ్ కూడా వెళ్ళలేదు. ఒకరి భుజం ఇద్దరి ఉద్యోగం.

సాత్విక్‌కి ముందు స్మాష్ రికార్డున్న టాన్ బూన్ హియాంగ్‌ని మళ్ళీ తలుచుకుంటాను. కూ కియెన్ కియట్‌తో కలిసి 2006లో ఆసియా క్రీడల స్వర్ణం, 2007లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. ప్రపంచ చాంపియన్ కాలేకపోయాడు. 2012 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 493 కొట్టిన భుజమే అది. మొదటి రెండు దెబ్బలు ఆ రోజు అవతలివాళ్ళు బాగా కొడితే, మూడోది కొట్టే అవకాశమే రాదు.

సాత్విక్‌కి లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నాటికి ఇరవై ఏడేళ్ళు నిండి ఉంటాయి, చిరాగ్‌కి ముప్ఫై ఒకటి. 2025లో టాన్ కిమ్ హర్ మళ్ళీ వీళ్ళ దగ్గరికి వచ్చాడు. పతకం వస్తుందా అని మావాళ్ళు నన్నడుగుతుంటారు. ఆ 1.15 చూడండి, మీకే తెలుస్తుందంటాను.

అమలాపురం, రాజోలు, కొత్తపేట తల్లిదండ్రులకి ఒక విన్నపం. వేసవి శిబిరానికి పిల్లాణ్ణి తీసుకొచ్చి, మావాడి స్మాష్ చూడండి మాస్టారూ అనకండి. రోజూ ఓ అరగంట సర్వీసు చేయించమని కోచ్‌ని అడగండి. జోడీ కుదిరితే నెలకో కొత్తవాడితో మార్చకండి. పంచాయతీ వాళ్ళని అడిగేటప్పుడు కప్పులూ శాలువాలూ కాకుండా, గాలి చొరని ఒక్క హాలు అడగండి. కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1. అంత పెద్ద స్థలమేం కాదు.